జ్ఞానరాజు చుట్టిన రాగి పోగులు

మైకుసెట్టు జ్ఞానరాజు గురించి డోన్‌లో ఎవరినడిగినా ముందు ఒకే మాట చెప్పేవాళ్లు. ఆయన పెట్టిన మైకు మధ్యలో ఆగదు. పెండ్లిలోగాని, చర్చిలోగాని, చావింటి దగ్గరగాని ఆయన హారన్ చెట్టుకు కట్టాడంటే, పని అయిందాకా అది నోరు మూయదు. ఆ మాట నిజమే. 2005లో ఒక ఆదివారం నా కూతురు రమ్యశ్రీ ప్రాణం మీదికి వచ్చింది కూడా ఆ అలవాటు వల్లే. అయితే ఆ అలవాటు ఆయనది. ఆ రోజు దాన్ని సంచిలోంచి బయటికి తీయించిన నోరు మాత్రం నాది. దీని గురించి నేను కొన్నాళ్లు కిక్కురుమనలేదు కాబట్టి, ఇప్పుడు మొదటి నుంచి చెబుతాను.

నా పేరు రాఘవేంద్రప్రసాద్. మాది డోన్ బజారులో బట్టలంగడి. నాకు ముక్కు మీద కోపం. ఇరవై ఏడేళ్లప్పుడు అది ఇంకొంచెం ఎక్కువ. పదిమంది చూస్తుంటే మరీ ఎక్కువ.

జ్ఞానరాజుకు అప్పటికి యాభై దగ్గర. వాళ్ల నాయన బేతంచెర్ల నాపరాళ్ల గనుల్లో రాళ్లు పగలగొట్టేవాడు. కొడుకు మాత్రం కర్నూలులో ఒక మైకుసెట్టు అంగట్లో వైర్లు చుట్టే పనికి చేరి, ఎనిమిదేళ్లకు సొంతంగా ఒక ఆంప్లిఫయరు, రెండు హారన్లు సంపాదించుకుని డోన్ వచ్చాడు. కొత్తలో పత్తికొండ వైపు ఒక పల్లెలో పౌరాణిక నాటకానికి మైకు పెట్టాడట. పద్యం మంచి రాగంలో ఉండగా ఫ్యూజు పోయింది. అది వెతికి, మార్చేలోపల జనం లేచారు. ఒక హారన్ పగలగొట్టారు, ఆయన్ను కొట్టారు. ఆ తర్వాత ఆయన సంచిలో ఫ్యూజు తీగ కనిపించేది కాదు. ఏదో పాత వైరు చీల్చి తీసిన రాగి పోగులు ఉండేవి. ఫ్యూజు ఉండాల్సిన చోట నాలుగు పోగులు మెలేసి చుట్టేవాడు. ఇక ఏం జరిగినా కరెంటు ఆగదు.

ఇది తప్పు పని అని ఆయనకు తెలియక కాదు. మైకు నడిచినంతసేపూ ఆయన ఆంప్లిఫయరు పక్కనే కూర్చునేవాడు, దాని మీద అరచెయ్యి ఆనించి. కొంచెం వేడెక్కితే హారన్ ఒకటి తగ్గించేవాడు, ఇంకా వేడెక్కితే తడిగుడ్డ కప్పిన ఇటుక పక్కన పెట్టేవాడు. అన్నం కూడా ఎడమచేయి దాని మీద పెట్టే తినేవాడు. ఆ సెట్టుకు ఫ్యూజు ఆయనే. పాతికేళ్లు ఒక్క నిప్పురవ్వ లేకుండా నడిచిందంటే అందుకే.

తర్వాత పెద్ద పెద్ద పెట్టెలతో డీజే సెట్లు దిగాయి. పెండ్లిళ్లు ఆయన చెయ్యి దాటిపోయాయి. చివరికి ఆదివారం చర్చి, అప్పుడప్పుడు దండోరా ఆటో, ఇంతే మిగిలింది. కార్లలో వూఫర్లు పెట్టించుకునే పిచ్చి అప్పుడే డోన్‌కు పాకుతోంది. జ్ఞానరాజు దానిమీద ఆశ పెట్టుకున్నాడు. కర్నూలులో కార్లు అలంకరించే అంగడి ముందు ఒక రోజంతా నిలబడి, వాళ్లు ఎట్లా బిగిస్తున్నారో చూసి వచ్చాడు. ఆయనకు వచ్చిన మొదటి కారు నాది.

నేను రెండో చేతి మారుతి కొని నెలైంది. తెల్లది, ఎనిమిదేళ్ల పాతది. వెనక ఎడమ తలుపు లోపలి నుంచి తెరుచుకోదు, బయటి నుంచే తీయాలి. ఆదివారం అహోబిలంలో రమ్యశ్రీకి పుట్టువెంట్రుకలు తీయించాలి. అమ్మా నాయనా ముందురోజే బస్సులో పోయి అక్కడ ఏర్పాట్లు చూస్తున్నారు. మామగారి తరఫువాళ్లంతా వస్తారు. వాళ్ల ముందు నా కారు ధన్‌ధన్‌మంటూ కొండ కిందికి వచ్చి ఆగాలి. నా కోరిక అంతే. బెంగళూరు నుంచి వచ్చిన ఒకతని దగ్గర పాత ఆంప్లిఫయరు, పది అంగుళాల వూఫరు కొన్నాను. పెట్టె మా వడ్రంగి ప్లైవుడ్‌తో చేశాడు. వైరుకు వేరే ఖర్చెందుకని, మిద్దె మీద గదులకు వైరింగు చేయించగా మిగిలిన చుట్ట తెచ్చి జ్ఞానరాజు ముందర పడేశాను.

ఆయన దాన్ని వేళ్ల మధ్య నలిపి చూశాడు.

"సామీ, ఇది ఫ్యాన్లకు లైట్లకు ఏసేది. దీనికి సాలదు. కర్నూల్లో వేలు లావు వైరు ఏసినారు. నేను సూసినా."

"ఇంత వైరు కోసం కర్నూలు పోయి రావాల్నా? రెండు పోగులు కలిపి ఏయప్పా."

శనివారం పొద్దున మా ఇంటి ముందే పని మొదలుపెట్టాడు. మొదట బ్యాటరీ మైనస్ ఊడదీసి పక్కకు వంచాడు. "ఇది తీసినాకే యాడన్నా చెయ్యి పెట్టల్ల" అని తనకు తానే పాఠం చెప్పుకున్నాడు. బ్యాటరీ నుంచి జానెడు దూరంలోనే ఫ్యూజు బిగించాడు. దూరంగా పెడితే ఆ మధ్య వైరుకు కాపలా ఉండదన్నాడు. డిక్కీలో రంగు గీకి, తెల్ల ఇనుము కనబడ్డాక ఎర్తు తీగ బిగించాడు. మర కొట్టే ముందు కారు కిందికి దూరి పెట్రోలు ట్యాంకు ఎక్కడుందో చేత్తో తడిమి చూసుకున్నాడు. వూఫరు పెట్టెను కదలకుండా పట్టీతో కట్టాడు. కొత్త పని అయినా, ఎక్కడా తొందర లేదు. తొందరంతా నాదే.

ఇంజనుకూ లోపలి సీట్లకూ నడుమ ఇనుప రేకు ఉంటుంది. బ్యాటరీ వైరు ఆ రేకులో ఒక చిల్లి గుండా లోపలికి వచ్చి, ఎడమవైపు మ్యాటు కిందుగా డిక్కీ దాకా పోవాలి. చిల్లి అంచు వైరును కోయకుండా ఒక రబ్బరు బుష్ తొడగాలి. ఆయన దానికోసం సైకిలు ట్యూబు కత్తిరించి చుట్టి ఉంచుకున్నాడు కూడా. సరిగ్గా అప్పుడే నేను "ఇంకా ఎంతసేపు?" అని మూడోసారి అరిచాను. ఆయన వైరు లాగి ఇవతలికి తెచ్చేశాడు. బుష్ సంచిలోనే ఉండిపోయింది. ఆ సంగతి ఆయనా గమనించలేదు.

సాయంత్రం నాలుగుకు మైనస్ తగిలించి, పాట పెట్టగానే వీధి అదిరింది. పిల్లలు గంతులేశారు. ఎదురింటాయన మెట్ల మీదికి వచ్చాడు. నేను బానెట్ ధనామని మూసి, ఒక చుట్టు తిప్పుదామని బయలుదేరాను. సందు మలుపులో కారు కుదిలేసరికి పాట ఆగిపోయింది. ఫ్యూజు పోయింది. ఆయన రెండోది పెట్టాడు. ఈసారి రైల్వే గేటు దగ్గర పట్టాలు దాటుతుంటే ఎత్తుపల్లాలకు కారు కుదిలి, మళ్లీ పోయింది. నేను గేటు దగ్గర నుంచి ఇంటిదాకా నోరు మూగబోయిన కారును తోలుకొచ్చాను. వీధిలో ఎవరో "ఏం శెట్టీ, వూఫరుకు గొంతు పట్టేసిందా?" అన్నారు. అందరూ నవ్వారు. నా చెవులు కాలిపోయాయి.

జ్ఞానరాజు మాత్రం కాలిన ఫ్యూజును వెలుతురులో పట్టుకుని చూస్తున్నాడు.

"ఇది ఊరికే పోదు సామీ. యాడో తాకుతాంది. డ్యాష్‌బోర్డు ఇప్పి సూడల్ల. రెండు గంటలు పడ్తాది."

"రెండు గంటలా! పొద్దున్నుంచి ఏం చేస్తాండావు మరి?"

"రేపు పొద్దున్నే వచ్చి సూస్తా అంటే..."

"రేపు పొద్దున్నే నేను అహోబిలం పోతాండా. నీ మైకులో ఏం పెడ్తావో అదే పెట్టు దీనికి కూడా. మోగల్ల, అంతే. నీ మైకు ఆగదంటారు గదా, నా కారుకు వచ్చేసరికి ఆగిందా?"

అందరి ముందర అన్నాను ఆ మాట. ఆయన నా ముఖం వైపు ఒక్క క్షణం చూశాడు. తర్వాత ఆయన చెయ్యి సంచిలోకి పోయింది. నాలుగు రాగి పోగులు తీసి, పళ్లతో పట్టుకుని మెలేసి, ఫ్యూజు ఉండాల్సిన చోట చుట్టాడు. పాట మోగింది. మళ్లీ గేటు దాకా పోయి వచ్చాను, ఆగలేదు. నేను విజయగర్వంతో బానెట్ తుడుచుకున్నాను.

ఆదివారం పొద్దున ఏడున్నరకు బయలుదేరాం. నా భార్య పద్మప్రియ పాపను ఒళ్లో పెట్టుకుని వెనక ఎడమవైపు కూర్చుంది. ఆమె పక్కన, కుడివైపు తలుపు దాకా బట్టల సంచులు, ఇత్తడి బిందె, బియ్యం మూట. ఆ ఎర్రటి జంట వైరు ఆమె కాళ్ల కింద మ్యాటు అడుగున ఉంది. సెల్‌ఫోను డ్యాష్‌బోర్డు అరలో పడేసి, పాట పెంచాను.

ఇక్కడి నుంచి కొంత నేను తర్వాత తెలుసుకున్నది. జ్ఞానరాజు భార్య విశ్వాసమ్మ చెప్పింది, వాళ్ల పక్కింటి ఈరేష్ చెప్పాడు.

ఎనిమిదికి చర్చిలో ఆరాధన మొదలైంది. జ్ఞానరాజు ఎప్పట్లాగే ఆంప్లిఫయరు పక్కన, దాని మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు. ప్రార్థన నడుస్తోంది, అందరూ కళ్లు మూసుకున్నారు. ఆయనకు రాత్రంతా నిద్ర లేదు. ఫ్యూజు ఎందుకు పోయింది? మైకుకైతే కరెంటు ఎక్కువా తక్కువా వస్తుంది, వాన పడుతుంది, ఏదో ఒకటి. బ్యాటరీకి అదేమీ లేదు గదా. పన్నెండు వోల్టులంటే పన్నెండే. అయినా రెండుసార్లు పోయింది, అది కూడా కారు కుదిలినప్పుడే. విశ్వాసమ్మ చెప్పిన ప్రకారం, ఆయన వంగి సంచిలో ఏదో పోగు కోసం వెతికాడు. చేతికి సైకిలు ట్యూబు చుట్ట తగిలింది. దాన్ని బయటికి తీసి అట్లాగే చూస్తూ ఉండిపోయాడు.

"ఏమైంది?" అని ఆమె గుసగుసగా అడిగింది.

"రబ్బరు ఏయలేదు. రేకు అంచు వైరును కోస్తాంది. పైగా ఫ్యూజు కూడా లేదు. పాప ఉండాది కార్లో."

లేచి నిలబడ్డాడు. "మైకు?" అంది ఆమె.

"ఆగితే ఆగనీ" అని చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి పరిగెత్తాడు. సంచి అక్కడే ఉండిపోయింది.

ఎస్టీడీ బూత్ నుంచి నాకు ఫోన్ చేశాడు. నేను ఎత్తలేదు. ఎత్తడానికి నాకు వినబడితే గదా. డ్యాష్‌బోర్డు అరలో ఫోను మోగుతూ ఉంది, వెనక డిక్కీలో వూఫరు గుద్దుతూ ఉంది. నాకు బేసు తప్ప ఇంకేమీ వినిపించలేదు. తర్వాత చూసుకుంటే పదకొండు కాల్స్. అప్పుడాయన బనగానపల్లెలో తనకు తెలిసిన మైకుసెట్టు దేవేంద్రప్పకు ఫోన్ చేశాడు. అహోబిలం పోవాలంటే మేము ఆ ఊరి మీదుగానే పోవాలి. "తెల్ల మారుతి. వెనక సీట్లో ఆడమనిషి, సంటిపాప. ఎట్లయినా నిలబెట్టప్పా. బ్యాటరీ వైరు అంటుకుంటాది" అని చెప్పి, పక్కింటి ఈరేష్‌ను లేపి అతని మోటారుసైకిలు వెనక ఎక్కాడు.

మేము బేతంచెర్లలో ఆగి టిఫినుకు ఉగ్గాని తిన్నాం. మిద్దెకు నాపరాళ్లు చూడాలని ఒక రాళ్ల ఫ్యాక్టరీలోకి కూడా పోయాను. పద్మ "ముహూర్తం దాటిపోతాదండీ" అంటున్నా, నేను రాళ్లు తట్టి తట్టి చూస్తూ ముప్పావుగంట గడిపాను. నా జిడ్డుతనం వల్ల జరిగిన మేలు ఏదైనా ఉందంటే అదొక్కటే. ఆ ముప్పావుగంటలో ఈరేష్ బండి మాకు దగ్గరైంది.

బనగానపల్లె దారి అప్పట్లో రాళ్ల లారీలు తొక్కి తొక్కి గుంతలు పడిపోయి ఉండేది. ప్రతి గుంతకూ కారు ఎగిరి పడేది. రేకు అంచు మీద వైరు ఒక్కొక్క గుంతకూ ఒక్కొక్క వెంట్రుకంత తెగుతూ ఉండాలి. నాకేం తెలుసు? దుమ్ము రాకుండా అద్దాలు పైకెత్తి, పాట ఇంకా పెంచాను.

బనగానపల్లె కూడలిలో ఒక ఆటో మీద హారన్ కట్టి దేవేంద్రప్ప నిలబడి ఉన్నాడు. కంటి వైద్య శిబిరం గురించి చెప్పడానికి కట్టిన హారన్ అది. మా కారు కనబడగానే మైకులో అరిచాడట, "తెల్ల మారుతీ, ఆపండి! మీ కార్లో వైరు కాలుతాంది! ఆపండప్పో!" అని. అద్దాలు మూసిన కారులో, ఆ గుద్దుడులో, నాకు ఆ పెద్దాయన నోరు తెరిచి మూయడమే కనిపించింది. పదిమంది రోడ్డుకు అడ్డం వచ్చి చేతులూపారు.

మా వైపు పండగలొస్తే, జాతరలొస్తే, రోడ్డుకు అడ్డంగా తాడు కట్టి చందా ఇస్తేనే కారు వదిలేవాళ్లు. నాకు అదే తోచింది. కోపం నషాళానికి ఎక్కింది.

"ఏమో చెప్తాండారు, ఆపండి" అంది పద్మ నా భుజం తట్టి.

"ఏం చెప్తారు! చందా. ఒకసారి ఆపితే వచ్చేటప్పుడు కూడా ఆపుతారు" అని హారన్ మీద చెయ్యి తీయకుండా వాళ్ల మధ్యగా కారు తోలాను. ఒకతను పక్కకు దూకాడు. మరొకతను బానెట్ మీద చేత్తో గట్టిగా కొట్టాడు. నేను అతన్ని తిట్టి ముందుకు పోయాను. నన్ను కాపాడటానికి వచ్చిన మనుషులను గుద్దినంత పని చేసి పోయాను.

ఊరు దాటి మూడు కిలోమీటర్లు పోయాం. అద్దంలో ఒక బండి వెనకే వస్తూ కనిపించింది. వెనక కూర్చున్న మనిషి చేతులు గాల్లో ఆడిస్తున్నాడు. ఈరేష్ హారన్ కొడుతూనే ఉన్నాడట. నాకు వినపడలేదు. పక్కకు జరిగి దారి ఇచ్చాను. సరిగ్గా అక్కడే రోడ్డు తెగిపోయిన ఒక పెద్ద గుంత. చక్రం దాంట్లో దిగి, కారు కింద ఏదో ఠప్పుమంది.

పాట నీరసించింది. గొంతు సాగి సాగి ఆగిపోయింది. ఇంజను దగ్గింది. మళ్లీ ఫ్యూజు పోయిందనుకుని జ్ఞానరాజును తిట్టడానికి నోరు తెరిచాను. అప్పుడు పద్మ అంది, "ఏదో కాలిన వాసనండీ."

కాళ్ల దగ్గర, ఎడమ మూల నుంచి నల్లటి పొగ లేచింది. గభాలున బ్రేకు వేసి, తాళం తిప్పి ఇంజను ఆపేశాను. ఆపితే ఆగుతుందనుకున్నాను. పొగ ఆగలేదు, ఇంకా ఎక్కువైంది. ఆ వైరుకు తాళంతో పని లేదు, నేరుగా బ్యాటరీ నుంచే వస్తుంది. ముందురోజు నా ఇంటి ముందే జ్ఞానరాజు మైనస్ తీసినాకే చెయ్యి పెట్టాలన్నది అందుకే. నేను తాళం మళ్లీ పెట్టి మళ్లీ తిప్పాను. మళ్లీ తిప్పాను. ఎందుకు తిప్పానో ఇప్పటికీ తెలియదు.

మ్యాటు మీద, పద్మ కాళ్లకు జానెడు దూరంలో, ఒక గీత మాదిరి ఎర్రగా నిప్పు పాకింది. ఆమె కాళ్లు పైకి ఎత్తుకుని అరుస్తోంది, "తలుపు! ఏమండీ, తలుపు తీయండి!" అని. ఎడమ తలుపు లోపలి నుంచి రాదు. కుడివైపు మూటలు. పాప దగ్గి దగ్గి గొంతు రాక ముఖం నల్లబడింది. నేను కిందికి దూకాను. దూకి, నేరుగా బానెట్ దగ్గరికి పోయాను. తలుపు దగ్గరికి కాదు, బానెట్ దగ్గరికి. నిప్పు ఆర్పితే అంతా అయిపోతుందని నా బుర్రకు తోచింది. బానెట్ ఎత్తాను. లోపల చిటచిట నిప్పురవ్వలు. చెయ్యి పెట్టబోయి వెనక్కి లాక్కున్నాను. నా పెండ్లాం గొంతు వినిపిస్తూనే ఉంది, నేను మాత్రం బానెట్ పట్టుకునే నిలబడ్డాను.

బండి ఇంకా పూర్తిగా ఆగకముందే జ్ఞానరాజు దూకాడు. నన్ను చూడలేదు. నేరుగా ఎడమ తలుపు లాగాడు. పద్మ చేతుల్లోంచి పాపను అందుకుని ఈరేష్ చేతిలో పెట్టాడు, పద్మను చెయ్యి పట్టి బయటికి లాగాడు. ఆ తర్వాత బానెట్ వైపు వచ్చాడు. విప్పడానికి సంచి లేదు, పానా లేదు. మైనస్ క్లిప్పు చేత్తో మెలిపెట్టాడు, అది రాలేదు. అప్పుడు బ్యాటరీకీ రాగి పోగులకూ నడుమ ఉన్న ఆ జానెడు ముక్కను, పైన ప్లాస్టిక్ కరిగి కారుతున్న దాన్ని, ఒట్టి అరచేత్తో పట్టుకుని ఒక్క లాగు లాగాడు. అది ఊడి వచ్చింది. నిప్పురవ్వలు ఆగాయి. ఈరేష్ రోడ్డు పక్క మట్టి దోసిళ్లతో ఎత్తి మ్యాటు మీద పోశాడు. కాసేపటికి పొగ సన్నబడింది.

పాప ఏడ్చింది. గట్టిగా, గొంతు విప్పి ఏడ్చింది. పద్మ దాన్ని గుండెకు హత్తుకుని రోడ్డు మీదే కూలబడింది. ఆ ఏడుపు వినగానే నా భయమంతా ఒక్కసారిగా కోపమైపోయింది. నేను నడుచుకుంటూ పోయి జ్ఞానరాజు చెంప మీద కొట్టాను. యాభై ఏళ్ల మనిషిని, అరచేతికి కరిగిన ప్లాస్టిక్ అతుక్కుని నిలబడినవాణ్ని కొట్టాను. ఆయన తల వంచుకున్నాడు.

పద్మ తలెత్తింది. "ఎట్ల జరిగింది ఇది? ఎవరు చేసినారు ఇట్ల?"

"నేనేమ్మా" అన్నాడు జ్ఞానరాజు. "ఫ్యూజు ఉండాల్సిన సోట రాగి పోగులు సుట్టినా. రేకు కాడ రబ్బరు ఏయలేదు. నాదే తప్పు."

ఆమె నా వైపు చూసింది. నేను చెప్పాల్సిన సమయం అదే. నేను కారు వైపు తిరిగి, కాలిన మ్యాటును కాలితో తోశాను.

ఆ రోజు మా వెనకే వచ్చిన దేవేంద్రప్ప ఆటోలో అహోబిలం పోయాం. పుట్టువెంట్రుకలు తీయించాం. అక్కడ మా నాయన గంగాధరం సంగతంతా విని, డోన్ వచ్చాక అంగట్లోకి వచ్చిన ప్రతివాడికీ చెప్పాడు. "జ్ఞానరాజుగాడు నా మనుమరాల్ని కాల్చి సంపబోయినాడప్పా. వాని చేతికి ఏ బండీ ఇయ్యద్దండి" అని. నేను పక్కనే కూర్చుని గుడ్డ కొలుస్తూ ఉండేవాణ్ని. ఎవరైనా "అవునా ప్రసాదూ?" అని అడిగితే, "ఆ" అనేవాణ్ని. ఒక్క అక్షరమే. చర్చిలో మైకు మధ్యలో వదిలి పోయినందుకు అక్కడి పెద్దలు ఆ పని ఇంకొకరికి ఇచ్చారు. ఎందుకు పోయావని వాళ్లు అడిగితే, "పని ఉండె" అని మాత్రమే చెప్పాడట.

మూడు వారాలకు విశ్వాసమ్మ మా అంగటికి వచ్చింది, ఖాకీ గుడ్డ కావాలని. ఎవరికి అని అడిగాను.

"ఆయనకే సామీ. మంగంపేటలో గనుల కాడ వాచ్‌మన్ పని. మా తమ్ముడు సెప్పినాడు. చెయ్యి ఇంకా సరిగా మూయరాదు. నిలబడేదానికి చెయ్యి ఎందుకులే అన్నాడు."

సాయంత్రం ఆయన ఇంటికి పోయాను. ఇంటి ముందర అరుగు మీద కూర్చుని, ఎడమచేత్తో హారన్ తుడుస్తున్నాడు. కుడి అరచేతి నిండా లేత చర్మం మెరుస్తోంది. నన్ను చూసి లేచాడు. నేను కూర్చోమన్నాను. నేనూ అరుగు అంచున కూర్చుని అన్నాను.

"ఆ రోజు నేనే గదా పెట్టమన్నది. అందరికీ చెప్తా."

ఆయన హారన్ పక్కన పెట్టాడు.

"నువ్వు బట్టలంగడోనివి సామీ. నీకు ఫ్యూజు సంగతి ఏం తెలుస్తాది? నువ్వు సెప్పినావని నేను సుట్టడమేంది? నాకు తెలుసు గదా అది ఎందుకు పోతాందో వెతకల్ల అని. రెండు తూర్లు అది నాకు సెప్పింది. పాతికేండ్లు ఇనే పని చేసినోన్ని, ఇనలేదు." మళ్లీ ఆయనే అడిగాడు, "పాప బాగుండాదా? దగ్గు తగ్గిందా?"

"తగ్గింది."

"అదే సాలు."

ఆయన నన్ను తిట్టి ఉంటే నాకు సుఖంగా ఉండేది. నేనూ నాలుగు మాటలు అని తిరిగి వచ్చేవాణ్ని. అట్లా కాకుండా నా వంతు తప్పు కూడా తానే మోసుకుని, దగ్గు తగ్గిందా అని అడిగాడు. సందు చివరి దాకా నడిచాక నాకు కళ్లు మండాయి. సిగ్గుతోనే, ఇంకేం కాదు.

ఇంటికొచ్చేసరికి రమ్యశ్రీ గుండుతో పాకుతూ నా దగ్గరికి వచ్చింది. ఒళ్లో కూర్చోబెట్టుకున్నాను. వంటింట్లోంచి పద్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి, "యాడికి పోయినారు?" అంది.

చెప్పాను. రెండుసార్లు ఫ్యూజు పోయిన సంగతి, డ్యాష్‌బోర్డు విప్పాలని ఆయన చెప్పిన సంగతి, వీధిలో అందరూ నవ్వితే నేను అరిచిన మాట, ఏదీ దాచకుండా చెప్పాను. ఆయనను కొట్టినప్పుడు కూడా నాకు ఇదంతా తెలుసునని చెప్పాను.

పద్మ వంగి, నా ఒళ్లోంచి పాపను తీసుకుని లోపలికి పోయింది.